చెవిదాకా వచ్చి ఆగిన మాట

జూన్ 3

వార్తలు చదివే అమ్మాయి నోట్లో ఇవాళ ఎవరో తడిగుడ్డ కుక్కినట్టున్నారు. పళ్ళు తోముకుంటూ రేడియో విన్నాను. ఒక్క మాట తిన్నగా లేదు. గొంతు ఆమెదే, వాక్యం చివర ముక్కుతో సాగదీయడమూ ఆమెదే, మధ్యలో ఉన్నదంతా నమిలి ఉమ్మిన ముద్ద. ముప్పై ఏళ్ళుగా ఈ రేడియో స్టేషన్‌లో చదివేవాళ్ళ ఉచ్చారణ దిద్దుతున్నాను. ఇంత అధ్వాన్నం ఎప్పుడూ వినలేదు. నురగ ఉమ్మేసి రేడియో కట్టేశాను.

నిద్ర లేచినప్పటి నుంచి తల ఎడమవైపు బరువుగా ఉంది. ఇలాంటివి వింటే ఉండదూ మరి.

జూన్ 4

నా బల్ల మీదికొచ్చిన రికార్డింగులన్నీ తిప్పి పంపాను. అన్నింటి మీదా ఒకటే రాశాను: స్పష్టత లేదు, మళ్ళీ చదివించాలి. ఆఫీసులో నన్ను వెనకాల "వడపోత" అంటారని తెలుసు. అననీ. వడపోత లేకపోతే జనం చెవుల్లోకి మడ్డి పోతుంది.

మధ్యాహ్నం స్టేషన్ పెద్ద నా గదిలోకొచ్చి, బల్ల మీద రెండు చేతులూ ఆన్చి చాలాసేపు మాట్లాడాడు. ఆయనకూ అదే జబ్బు. పెదవులు కదులుతున్నాయి, ఉల్లిపాయ వాసన వస్తోంది, మాట మాత్రం రావడం లేదు. మాట్లాడుతుండగా ఒక తుంపర నా కాగితం మీద పడింది. ఆయన మాటలకంటే ఆ చుక్క నయం, దానికొక ఆకారం ఉంది. ఆయన ఆగగానే "నియమం నియమమేనండీ" అన్నాను. కాసేపు నన్ను వింతగా చూసి వెళ్ళిపోయాడు.

జూన్ 6

ఇంట్లో కూడా అదే రోగం. మా ఆవిడ ఎప్పుడూ మరీ అంత స్పష్టంగా మాట్లాడేది కాదు గానీ, ఇలా గొణిగేది కూడా కాదు. వంటింట్లోంచి ఏదో అడుగుతుంది. "ఊఁ" అంటాను. ఇన్నేళ్ళ కాపురంలో చాలా ప్రశ్నలకు ఆ జవాబు సరిపోయింది. ఇవాళ ఎదురుగా వచ్చి నిలబడి అడిగింది. చివర గొంతు లేచింది కాబట్టి ప్రశ్నే. "నీ ఇష్టం" అన్నాను. ముఖం అదోలా పెట్టుకుని లోపలికి వెళ్ళింది.

జూన్ 7

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పక్కన పళ్ళెంలో అంతకుముందు ఎవరి చెవిలోంచో తీసిన గులిమి, పట్టకారుకి ఇంకా అంటుకునే ఉంది. అది చూస్తూ కూర్చున్నాను. చెవులకు గొట్టాలేవో బిగించి కీచుమనే శబ్దాలు వినిపించారు. సన్నవీ, బొంగురువీ, దూరపువీ అన్నీ పట్టాను. వినికిడి బాగుందని కాగితం ఇచ్చారు.

ఆ కాగితం తెచ్చి మా ఆవిడ ముందు పెట్టాను. నా చెవులు బంగారం. ఇక తప్పు ఎవరిదో వాళ్ళే ఆలోచించుకోవాలి.

జూన్ 9

ఒక సంగతి రాయకుండా దాటేస్తున్నాను. కుక్క అరుపు బాగానే వినిపిస్తోంది. కుళాయి చుక్క, తలుపు గంట, రేడియోలో పాట నడక, అన్నీ బాగున్నాయి. పాడైంది మనుషులు మాత్రమే.

జూన్ 10

వంటగది కాలింది.

వెళ్ళేముందు మా ఆవిడ గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఏదో చెప్పింది. "సరే" అన్నాను. పొయ్యి మీద మూకుడు ఉందని నాకేం తెలుసు? పక్కింటాయన తలుపు బాదేదాకా నాకు మెలకువ రాలేదు. కరెంటు తీగలు కాలిన వాసన, మాడిన నూనె వాసన, దాని మీద ఆయన పోసిన బకెట్ నీళ్ళు కలిసి గట్టు మీంచి నల్లటి జిగురు కారుతోంది.

ఆవిడ వచ్చి అరిచింది. భయం. అది మాత్రం పూర్తిగా అర్థమైంది. తరువాత నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్ళి, మసి పట్టిన పలకల మీద వేలితో రాసింది:

"నేను ఏం చెప్పి వెళ్ళాను?"

చదివాను. ప్రతి అక్షరమూ కడిగినంత స్పష్టంగా ఉంది. "సరే అన్నానుగా," అన్నాను.

జూన్ 12

ఆసుపత్రి. ఇనుప గొట్టంలో పడుకోబెట్టి తల ఫొటోలు తీశారు. మెదడు డాక్టరమ్మ తెరమీద చూపించింది. ఉడికిన కాలీఫ్లవర్‌ను అడ్డంగా కోసినట్టుంది. ఆ బూడిదరంగు ముద్దలోనా నేనున్నది? దీర్ఘాలూ ఒత్తులూ ఇన్నాళ్ళూ పట్టుకున్నది ఇదా? దీన్ని పళ్ళెంలో పెట్టిస్తే ముట్టను.

ఆమె కంప్యూటర్ మీద పెద్ద అక్షరాలు కొట్టింది. నేను నోటితోనే జవాబిచ్చాను. నా నోటికేమీ కాలేదు.

"మీకు చెవుడు లేదు. చిన్న స్ట్రోకు వచ్చింది. శబ్దం రెండు వైపులా మెదడుకి చేరుతోంది. ఎడమ చెవికి కాస్త పైన, లోపల, ఆ శబ్దంలోంచి అక్షరాలు ఏరే చోటుంటుంది. దాని వెనకాల మాటకి అర్థం పట్టుకునే చోటు. ముందువైపు మనల్ని మాట్లాడించే చోటు, అదీ ఊరికే కూర్చోదు. ఎదుటివాళ్ళు ఏమంటారో ముందే ఊహించి అందిస్తుంటుంది. ఏ ఒక్కటీ తనంతట తాను మాటని అర్థం చేసుకోలేదు. అన్నీ తీగలతో కలిసుండాలి. మీకు ఆ చోట్లన్నీ దాదాపు బాగానే ఉన్నాయి. మధ్యలో తీగలు దెబ్బతిన్నాయి."

మరి చదవగలుగుతున్నాను కదా అన్నాను.

"అది కళ్ళ దారి. ఆ దారి బాగుంది."

గొంతులు గుర్తుపడుతున్నాను, ఎవరు కోపంగా ఉన్నారో ఎవరు నవ్వుతున్నారో తెలుస్తోంది అన్నాను.

"గొంతులో రాగం, మనసు ఎలా ఉందో, అదంతా ఎక్కువగా కుడివైపు పని. మామూలుగా రెండు వైపులూ సంప్రదించుకుని ఒక మాట మీదికొస్తాయి. ఇప్పుడు మీకు కుడివైపు సాక్ష్యం ఒక్కటే అందుతోంది. రాగాన్ని బట్టి అర్థం కట్టేయకండి. పొరపాటు పడతారు."

నాకా చెబుతోంది! మనిషి గొంతులో ఎక్కడ అబద్ధముందో, ఎక్కడ నిర్లక్ష్యముందో ముప్పై ఏళ్ళు విన్నవాణ్ణి. మాటలు పోతే పోయాయి, రాగం మిగిలింది. నాకు అదే చాలు.

జూన్ 15

స్టేషన్ వాళ్ళు సెలవు ఇచ్చారు. ఎన్నాళ్ళని అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

బావమరిది దిగాడు. నన్ను రోజూ ఆసుపత్రికి తిప్పడానికి మా ఆవిడ తమ్ముణ్ణి పిలిపించుకుంది. పాత ఫ్రిజ్‌లు బాగుచేసే పని అతనిది. ఎవరో తలుపు వేసి మరిచిపోయిన ఫ్రిజ్‌లో కుళ్ళిన మాంసపు నీళ్ళ వాసన అతని చొక్కా చేతుల్లోంచి ఎప్పుడూ పోదు. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడతాడు. పెదవులు మూసి నమలడం అన్నది మనుషులు కనిపెట్టారని అతనికెవరూ చెప్పలేదు. ఇక ఒత్తులా, అవి ఉన్నాయని వాళ్ళ వంశానికే తెలియదు. (ఈ మాట మా ఆవిడ ముందు అనను.) "బాష" అంటాడు, "దనం" అంటాడు. ఇరవై ఏళ్ళుగా చెవుల్లో సీసం పోసుకున్నట్టు భరించాను.

ఇప్పుడు ఆ బాధ లేదు. అతను ఏమన్నా ముద్దే. రోగంలో దొరికిన ఒకే ఒక్క సుఖం.

జూన్ 18

మాటలు నేర్పే ఆవిడ దగ్గర కూర్చోబెట్టారు. మనిషి ముఖం చూస్తూ వినాలట. కళ్ళు పెదవుల్ని పట్టుకుంటే, చెవి దగ్గర తెగిన పని కొంత ఆ దారిన సాగుతుందట. ముందు ఏ విషయం మాట్లాడబోతున్నదీ కాగితం మీద రాసి చూపించింది, తరువాత నెమ్మదిగా అంది. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకలాగే ఉంటాయి, మిగతాది విషయాన్ని బట్టి పట్టుకోవాలి.

అంటే నోళ్ళలోకి చూడాలి. ఆవిడ కింది పళ్ళ వెనకాల పసుపుపచ్చ గార. "ప" అన్నప్పుడు పెదవుల మధ్య సన్నటి ఉమ్మి తీగ సాగి తెగుతుంది. నాలుక మీద తెల్లటి పూత. ఇన్నేళ్ళూ మైక్ వెనకాల మనుషులకు నోళ్ళుంటాయన్న సంగతే మరిచిపోయి బతికాను. గాజుకిటికీ ఇవతల కూర్చుంటే మాట ఎంత పొడిగా, ఎంత శుభ్రంగా వచ్చేది.

ఇంట్లో ఎవరితోనైనా రోజూ సాధన చెయ్యాలని రాసిచ్చింది. బావమరిది అక్కడికక్కడే కుర్చీ లాగి, నా మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి కూర్చుని, నోరు తెరిచాడు. పొద్దున తిన్నది ఇంకా పళ్ళ సందుల్లో ఉంది. లేచి వచ్చేశాను.

జూన్ 20

మా ఆవిడ బజారుకు వెళ్ళినప్పుడు నా పాత రికార్డింగ్ ఒకటి పెట్టుకున్నాను. కొత్తవాళ్ళకు నమూనాగా వినిపించడానికి నేనే చదివింది. స్టేషన్‌లో ఇప్పటికీ వాడతారు.

ముద్ద.

అదే తడి, అదే చప్పరింపు. రాగం నాది, వాక్యానికి ముందు తీసుకునే గుక్క నాది, మధ్యలో ఎవరో బురదలో నడుస్తున్నారు. ఏం చదివానో గుర్తు చేసుకుంటూ వెంబడించాను, అయినా దొరకలేదు. నా నోరు కూడా వాళ్ళ నోళ్ళలాంటిదే. స్నానం చేసొచ్చాను.

జూన్ 22

ఇవాళ్టిది రాసి తీరాలి.

మధ్యాహ్నం గదిలో పడుకుని ఉన్నాను. వంటింట్లో అక్కా తమ్ముడూ భోంచేస్తున్నారు. మొదట ఇద్దరూ మెల్లగా మాట్లాడుకున్నారు. అప్పుడు విన్నాను, నా గొంతు. నా గుక్క, క్రియకు ముందు నేనిచ్చే విరామం, వాక్యం చివర మెట్లు దిగినట్టు దిగే నా పద్ధతి. బావమరిది నోట్లోంచి. అచ్చు నేనే. మా ఆవిడ నవ్వింది. ఆగలేక, ఊపిరందక, బల్ల కొడుతూ నవ్వింది. ఈ ఇంట్లో ఆ నవ్వు విని ఎంత కాలమైందో.

మాటలు అందలేదు. అందాల్సిన పనేముంది? రోగిష్టివాణ్ణి గదిలో పడేసి వంటింట్లో వాడి వేషం కట్టి నవ్వుకుంటున్నారు. ఇది తెలుసుకోవడానికి ఎడమవైపు మెదడు అక్కర్లేదు.

వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఇద్దరూ ఆగిపోయారు. అతని నోటి నిండా ఉడికిన గుడ్డు, పచ్చసొన పెదవి చివర అంటుకుని ఉంది. ఆ నోటితోనే నా వైపు చూసి ఏదో అన్నాడు. మా ఆవిడకు మళ్ళీ నవ్వొచ్చింది.

"నీ నోరు చూస్తే నాకు వాంతొస్తోంది," అన్నాను. "ఎప్పుడూ అంతే వచ్చేది. నీతో పాటు ఆ కంపు కూడా తీసుకుని నా ఇంట్లోంచి పో."

నమలడం ఆపాడు. నోట్లోది మింగాడు. పళ్ళెం కడిగి బోర్లించాడు. పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని, నా పక్కనుంచే, నాకు తగలకుండా ఒదిగి వెళ్ళిపోయాడు.

జూన్ 23

ఇల్లు శుభ్రంగా ఉంది.

జూన్ 24

ఇల్లు శుభ్రంగా ఉంది. ఏ వాసనా లేదు.

జూన్ 26

మా ఆవిడ నాకు రాయడం మానేసింది. ఇన్నాళ్ళూ ఫోన్‌లో కొట్టి చూపించేది, భోజనానికి రండి, మాత్ర వేసుకోండి అని. ఇప్పుడు పళ్ళెం తెచ్చి పెట్టి వెళ్ళిపోతోంది. ఆసుపత్రికి తీసుకెళ్తుంది, తీసుకొస్తుంది. దారిలో ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడింది. రాగం చదునుగా ఉంది. కోపం లేదు, ఏడుపు లేదు. ఆ చదును కింద ఏముందో ఎంత విన్నా తెలియలేదు.

అంత రాగజ్ఞానం ఉన్నవాణ్ణి.

జూన్ 27

ఇల్లు శుభ్రంగా ఉంది. పొద్దున్నుంచి నాకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. బాత్రూమ్‌లోకి వెళ్ళి గట్టిగా నా పేరు నేనే పిలుచుకున్నాను. పిలిచేటప్పుడు తెలుసు. చెవికి తిరిగొచ్చేసరికి ముద్ద.

జూన్ 28

అడిగాను. "ఆ రోజు ఏం మాట్లాడుకున్నారు?" అన్నాను. అడగడానికి చాలా కష్టమైంది. ఏదో తెలియక కాదు, పొరపాటు పడ్డానేమో చూద్దామని మాత్రమే అడిగాను.

ఆవిడ ఫోన్ తీసుకుని చాలాసేపు కొట్టింది. మధ్యలో ఆగి కళ్ళజోడు తుడుచుకుంది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

"మీరు పడుకున్నాక నేను ఏడ్చాను. ఆయన మాట్లాడతారు, చదువుతారు, అంతా మామూలుగానే ఉంటారు, కానీ నేను వెనకనుంచి పిలిస్తే కుర్చీని పిలిచినట్టుంది అన్నాను. వాడికి నన్నెలా ఊరుకోబెట్టాలో తెలియలేదు. మీరు మొదటిసారి మా ఇంటికొచ్చినరోజు గుర్తుందా? వాడు మీకు కప్పు అందిస్తూ, బావగారూ కాపీ తాగండి అన్నాడు. మీరు కప్పు తీసుకోకుండా, కాపీ అంటే పరీక్షలో కొట్టేది, తాగేది కాఫీ, మళ్ళీ అను అన్నారు. వాడు ఎన్నిసార్లు అన్నా కాపీయే. చివరికి కాఫీ చల్లారిపోయింది, మీరు తాగకుండానే వెళ్ళిపోయారు. అదంతా మీ గొంతుతో చేసి చూపించాడు. నాకు ఒక్క నిమిషం మీరు తిరిగొచ్చినట్టే అనిపించింది. అందుకే నవ్వాను.

మీరు గుమ్మంలోకొస్తే వాడన్నది ఇదీ: రా బావా, నా తప్పులు దిద్దు, నీ తిట్లు లేక నాకు నోరు ఊరికే పడున్నట్టుంది.

దానికి మీరన్నది నేను మళ్ళీ రాయను."

చదివాను. రాగం నేను సరిగ్గానే విన్నాను, అది నా గొంతే. నవ్వూ నా మీదే. అన్నీ సరిగ్గా విన్నాను, ఒక్కటి తప్ప.

భోజనం ముట్టలేదు. అద్దంలో నా నోరు చూశాను. ఆ రోజు ఆ మాటలొచ్చిన నోరు. పైపన్ను ఒకటి నల్లబడింది. ఎప్పటి నుంచి నల్లగా ఉందో, ఎంతమంది దాన్ని చూస్తూ నా పాఠాలు విన్నారో.

జూన్ 30

అతని షాపుకి వెళ్ళాను. ఒక్కణ్ణే. మా ఆవిడ దారి కాగితం మీద గీసిచ్చింది, తోడు మాత్రం రాలేదు.

తలుపులు బార్లా తెరిచిన ఫ్రిజ్‌లు రెండు వరసలు. మధ్యలో అతను కింద కూర్చుని, ఒక ఫ్రిజ్ అడుగు పళ్ళేన్ని ఊడదీసి, అందులో పేరుకున్న నల్లటి జిగటను గరిటెతో గీకుతున్నాడు. చేతిరుమాలు ముక్కు దాకా పోయింది. దాన్ని జేబులో పెట్టుకున్నాను.

వాళ్ళక్క అంతా రాసి చూపించిందనీ, నేను విన్నది తప్పనీ, అన్నది అంతకంటే తప్పనీ చెప్పాను. ఇంకేదో సిద్ధం చేసుకుని వెళ్ళాను గానీ గుర్తు రాలేదు. అతను తల తిప్పకుండా ఏదో అన్నాడు. గోడకేసి అన్న మాట, దాని మీద పక్క ఫ్రిజ్ మోటారు రొద. ఏమీ అందలేదు. కానీ గొంతు మెత్తగా ఉంది. చంటిపిల్లలతో మాట్లాడే గొంతు. ప్రాణం లేచొచ్చింది. క్షమించేశాడనుకున్నాను. అక్కడి నుంచే వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను కూడా.

ఎందుకో వెళ్ళలేదు. "ఇటు తిరిగి చెప్పు," అన్నాను. "నాకు అందలేదు."

అతను మోటారు ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు. పీట లాక్కుని నా మోకాళ్ళకు ఎదురుగా కూర్చున్నాడు. నోట్లోకి చూశాను. కింది పెదవి మీద పగులు, పళ్ళకు టీ మరకలు, మాట ముందు నాలుక చివర పైకి లేవడం. మళ్ళీ అదే అన్నాడు. ముద్ద. తల అడ్డంగా ఊపాను. మళ్ళీ అన్నాడు. "కో" దొరికింది.

"కోడి?" అన్నాను.

అతను నవ్వలేదు. ఒక్కొక్క మాట విడదీసి పెట్టాడు.

"నాకు. ఇంకా. కోపం. పోలేదు."

ఆ నాలుగు మాటలూ పెదవుల మీదా, చెవిలోనూ ఒకేసారి పడ్డాయి. ముద్ద విడిపోయింది. ఈ నెలలో మనిషి నోటి నుంచి నాకు చేరిన మొదటి వాక్యం.

"నీకింకా కోపం పోలేదు," అన్నాను.

అవునన్నట్టు తల ఊపాడు. గొంతు మాత్రం అంత మెత్తగా ఉంది! అతను కోపాన్ని అలాగే పలుకుతాడు కాబోలు. ఇరవై ఏళ్ళుగా ఈ మనిషి ఒత్తులు లెక్కపెట్టాను గానీ, అతనికి కోపమొస్తే గొంతు తగ్గుతుందని నాకు తెలియదు.

"ఎందుకో కూడా చెప్పు," అన్నాను. "నెమ్మదిగా చెప్పు."

చెప్పాడు. అందనిచోట మళ్ళీ చెప్పాడు. రెండు మూడుసార్లు నేల మీది దుమ్ములో వేలితో రాశాడు. చాలాసేపు పట్టింది. ఎవరో ఫ్రిజ్ కోసం వస్తే తరువాత రమ్మని పంపేశాడు. తుంపరలు నా ముఖం మీద పడుతూనే ఉన్నాయి, అతను లోపలికి వెళ్ళి నీళ్ళు తాగినప్పుడు తుడుచుకున్నాను.

మొత్తం మీద సగం అందింది. ఆ సగం ఇక్కడ రాయలేను, చేయి రావడం లేదు. అంతా నా గురించే, అంతా నిజమే.

రేపు మళ్ళీ రమ్మన్నాడు, మిగతా సగానికి.